మా మోపెడ్ డెబ్బై ఏడు మీద పోయిన సోమవారం

జూలై ఎనిమిదో తేదీ, సోమవారం, పగలు పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను బీరకాయలు చెక్కు తీస్తున్నాను. చేతులు తుడుచుకుని చదివాను. నా పేరున ఉన్న మోపెడ్ ఆ ఉదయం ఎనిమిది నలభై ఒకటికి నర్సాపూర్ రోడ్డు మీద, బొంతపల్లి కమాను ఇంకా కొంచెం దూరం ఉందనగా, గంటకు డెబ్బై ఏడు కిలోమీటర్ల వేగంతో పోయిందట. అక్కడ అరవై దాటకూడదు. జరిమానా వెయ్యి, దాని పైన ముప్పై అయిదు.

ఎవరిదో మెసేజ్ మాకు వచ్చిందనుకుని మళ్లీ బీరకాయ తీసుకున్నాను. కూర పొయ్యి మీద పెట్టాక బండి కాగితం తీసి నంబరు సరిచూశాను. మాదే.

ఆ మోపెడ్ సంగతి కొంత చెప్పాలి. పదకొండేళ్ల కిందట పటాన్‌చెరులో కొత్తదే కొన్నాం. డబ్బు నాది కాబట్టి కాగితం నా పేరున ఉంది. నాకు నడపడం రాదు కాబట్టి నడిపేది మా ఇంటాయన. నేను వెనక కూర్చున్న రోజుల్లో ఒకసారి సుల్తాన్‌పూర్ దగ్గర దిగుడులో స్పీడు ముల్లు నలభై ఆరు దాకా పోయింది. నలభై ఆరు దగ్గర కుడివైపు అద్దం ఊడి రోడ్డు మీద పడింది. ఆగి ఏరుకున్నాం. ఆ బండి అంతకు మించి పోవడం నేను చూడలేదు.

మా ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైర్ అయ్యాడు. ప్రతి సోమవారం పొద్దున్నే పటేల్‌గూడలో మా ఇంటి నుంచి బయలుదేరి బొంతపల్లి పోతాడు. వీరభద్రుడి దర్శనం చేసుకుని, ఆ ఊళ్లోనే ఉన్న తన అక్క ఇంట్లో అన్నం తిని, బావతో అరుగు మీద కూర్చుని, నాలుగింటికి ఇల్లు చేరతాడు. ఆ బావ తనకంటే అయిదేళ్లు పెద్ద. రెండేళ్ల కిందట స్కూటర్ మీద నుంచి పడి, అప్పటి నుంచి బండి మానేసి బస్సుల్లో తిరుగుతున్నాడు. మా ఆయన ఆయన్ని వదలలేదు. "ఏం బావా, బస్సుల ఆడోళ్ల సీట్ల జాగ దొరికిందా?" అని ప్రతి సోమవారం అడిగేవాడట. మోపెడ్‌ను సరిగ్గా బావ కుర్చీకి ఎదురుగా ఆపి, స్టాండు వేసి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ అరుగు ఎక్కేవాడట. ఇదంతా ఆడబిడ్డ చెబితే తెలిసింది.

ఆ సోమవారం కూడా నాలుగింటికి వచ్చాడు. ఫోన్ చేతికిచ్చాను.

"డెబ్బై ఏడు పోయినవట."

హెల్మెట్ తీయకుండానే చదివాడు. చిన్న మెసేజే, చాలాసేపు చదివాడు.

"పోయిన కావచ్చు," అన్నాడు.

"ఆ బండి డెబ్బై ఏడు ఎట్ల పోతదయ్యా?"

"రోడ్డు మంచిగున్నది."

రాత్రి భోజనాలకు ముందు కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు. మందుల కంపెనీలో పని వాడికి. తండ్రి బండి నడపడం వాడికి ఎప్పుడూ ఇష్టం లేదు. ఆ రోడ్డు మీద ట్యాంకర్లు, కంపెనీ బస్సులు ఎట్లా పోతాయో వాడికి తెలుసు.

"నీ ఏజెంత బాపూ? డెబ్బై రెండు. స్పీడెంత? డెబ్బై ఏడు. ఏజును ఓవర్‌టేక్ చేస్తున్నవా? తాళం చెవి ఇటియ్యి."

"ఆగురా," అన్నాను నేను. "కెమెరా తప్పు సూపెట్టింది. ఆ బండికి అంత దమ్ము లేదు. నేను వోయి అడిగొస్త."

"సరే. కెమెరా తప్పని తేలితె తాళం బాపు దగ్గరనే ఉంటది. కరెక్టని తేలితె నా దగ్గర. మళ్ల మాట మార్చొద్దు."

"మార్చ."

మా ఆయన మాత్రం ఈ ఒప్పందంలోకి రాలేదు. "కట్టి పారేయున్రి. పోలీసోళ్లతోని మనకేంది," అన్నాడు. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన దేనికీ అడిగిన వెంటనే డబ్బు కట్టమనగా నేను వినలేదు. కరెంటు బిల్లు కూడా రెండుసార్లు చదివి, మీటరు చూసి వచ్చి, అప్పుడు కట్టే మనిషి. అది నాకు వింతగా తోచి ఉండాల్సింది. నా మనసు అప్పటికే కెమెరా మీద ఉంది.

పోయేది తాళం చెవి ఒక్కటే కాదు, సోమవారం కూడా. బొంతపల్లికి బస్సులున్నాయి. కానీ బస్సు దిగి నడిచి వచ్చే మనిషిని అరుగు మీద నుంచి బావ చూస్తాడు. రెండేళ్ల మాటలకు ఒక్క రోజులో జవాబు చెబుతాడు. ఆ పరిస్థితి వస్తే మా ఆయన పోవడమే మానేస్తాడని నాకు తెలుసు. ఆయనకు వారంలో మిగిలిన ఆరు రోజులు టీవీయే.

నాకు కెమెరా మీద అనుమానం రావడానికి కారణం ఉంది. ఇరవై మూడేళ్లు పటాన్‌చెరు పొలిమేరలో ఒక ధర్మకాంటాలో పనిచేశాను. లారీని పళ్లెం మీదికి ఎక్కించి, తూకం చూసి, చీటీ రాసి ఇవ్వడం నా పని. ఇనుము, బొగ్గు, మందుల డ్రమ్ములు, ఒకసారి పెళ్లివారి సామాను కూడా తూచాను. ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖవాళ్లు బరువురాళ్లు తెచ్చి, కాంటా సరిచూసి ముద్ర వేసేవాళ్లు. ముద్ర గడువు ఒక్క రోజు దాటినా డ్రైవర్ నా చీటీని ఒప్పుకోనక్కర లేదు. తూకం మీద గొడవ వస్తే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు ముద్ర చూపించాలి. తర్వాత ఖాళీ పళ్లెం మీద సున్నా చూపించాలి. తర్వాత తెలిసిన బరువు పెట్టి చూపించాలి. అప్పుడు లారీని రెండోవైపు నుంచి ఎక్కించాలి. వేగం కొలిచేది కూడా కాంటాయే కదా, దానికీ ఇదే పద్ధతి ఉంటుందని అనుకున్నాను.

మంగళవారం బండిని మెకానిక్ దగ్గరికి పంపించి నేనూ పోయాను. నడిపి చూడమని వంద రూపాయలిచ్చాను. అతను సర్వీసు రోడ్డు మీద ఆ చివరి దాకా పోయి వచ్చాడు.

"నలభై రెండు వోయింది అమ్మా. గంతకంటె పోదు."

"డెబ్బై ఏడు పోవాల్నంటె?"

"ఎత్తి బాయిల పారెయ్యాలె."

గురువారం బస్సెక్కి ట్రాఫిక్ ఆఫీసుకు పోయాను. అది ఏ ఆఫీసో రాయను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు కాలేదు. అక్కడి ఎస్సై నలభై దాటినవాడు. అప్పుడే టిఫిన్ చేసి చేయి కడుక్కుని వచ్చాడు.

"చెప్పు పెద్దమ్మా."

"మీ స్పీడు గన్ను తప్పు సూపెట్టింది సారూ."

"వచ్చినోళ్లందరు గదే అంటరు. కూసో."

"అందరి బండ్లు ఉరుకుతయ్ సారూ. మాది ఉరుకది. మోపెడు. నలభై ఆరు కాడ అద్దం ఊడుతది."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నేను ముద్ర ఎప్పుడు వేయించారని అడిగాను. ఏం ముద్ర అన్నాడు ఎస్సై. కాంటాకు ఏడాదికోసారి వేస్తారు, దీనికి వేయరా అన్నాను.

"ఏస్తరు పెద్దమ్మా. కాలిబ్రేషన్ అంటరు. నువ్వేం జేస్తుంటివి?"

"కాంటాల కూసుంటుంటి."

సర్టిఫికెట్ తెప్పించాడు. అద్దాలు పెట్టుకుని ముందూ వెనకా చదివాను. అందులో గన్ను నంబరు రాసి ఉంది. ఆ గన్ను చూపించమన్నాను. తెచ్చారు. అడుగున ఉన్న నంబరు కాగితం మీది నంబరుతో కలిసింది. గడువు ఇంకా నాలుగు నెలలుంది.

"అయిందా?"

"కాయితం అయింది. ఇగ గన్ను సూడాలె."

ఎస్సై నన్నూ, గోడ మీది గడియారాన్నీ చూశాడు. ఆ పూట పని తక్కువ ఉందో ఏమో, లేచాడు. గేటు దగ్గర నిలబడి నేను చెప్పినట్టు మొదట గోడ మీద పెట్టి చూశాడు. సున్నా వచ్చింది. తర్వాత కానిస్టేబుల్‌ను బైకు మీద నలభైకి పోనిమ్మన్నాడు. నలభై వచ్చింది. ముప్పైకి రమ్మన్నాడు. ముప్పై ఒకటి వచ్చింది. నేను కానిస్టేబుల్‌ను ఆపి, కచ్చితంగా ముప్పయ్యేనా అని అడిగాను.

"జెర ఎక్కువనే ఉండె అమ్మా," అని ఒప్పుకున్నాడు.

"గన్ను కరెక్టే," అన్నాను.

"థాంక్స్ పెద్దమ్మా. ఇగ కడ్తవా?"

"గన్నూ కరెక్టే, బండి పోనిదీ కరెక్టే. ఫోటో పెద్దగ సూపెట్టున్రి."

నాకు వచ్చిన ఫోటోలో నంబరు ప్లేటు, సగం టైరు మాత్రమే ఉన్నాయి. మొత్తం ఫోటో ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది. కానిస్టేబుల్ తెరిచాడు.

అది ఒక కూరగాయల ట్రాలీ, చిన్న సామాన్ల వ్యాను, దాని వెనక భాగం. వెనక రేకు కిందికి దించి ఉంది కాబట్టి ట్రాలీ నంబరు కనిపించదు. లోపల ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య మా మోపెడ్ నిలబడి ఉంది, రెండువైపులా తాళ్లతో కట్టి, వెనక చక్రం మా వైపు. దాని నంబరు ప్లేటు ఫోటోకు నట్టనడుమ, తళతళలాడుతోంది. ప్రతి ఆదివారం దాన్ని తడిగుడ్డతో తుడిచేది నేనే. పక్కన బోర్లించిన ట్రే మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. సంతకు తీసుకుపోయే దూడ మీద వేసినట్టు ఒక చేయి మోపెడ్ సీటు మీద వేశాడు. మొహం ఇటే ఉంది.

"హెల్మెట్ గూడ పెట్టుకున్నడు సార్," అన్నాడు కానిస్టేబుల్.

"దాని బెల్టు గూడ ఏసుకున్నడు," అన్నాడు ఎస్సై.

నేను ట్రేలు లెక్కపెట్టాను. పద్దెనిమిది ఉన్నాయి. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. ఆ మధ్య పెట్రోలు తక్కువ పడుతోందని నేను మెకానిక్‌ను మెచ్చుకున్న సంగతి గుర్తొచ్చింది.

"ఎవరమ్మా ఈయన?"

"మా ఇంటాయన."

ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పెద్దమ్మా, నువ్వు గెలిచినవ్. మీ బండి ఉరుకలే, దాన్ని మోసుకవోయిన్రు. మావోళ్లు కనవడ్డ నంబర్ కొట్టిన్రు. రేపు మీ ఆయనను తోల్కరా. ఎవల ట్రాలీనో చెప్పి, అండ్ల నేనే కూసున్న అని రాసి సంతకం పెడితె, నీ చలాన్ కొట్టేస్త. ట్రాలీవోనికి రాస్త. సామాన్ల బండ్ల మనిషిని ఎక్కిచ్చుకున్నందుకు గూడ రాస్త."

నేను అక్కడే కూర్చుని ఆలోచించాను. ఆయన వచ్చి సంతకం పెడితే వెయ్యి ముప్పై అయిదు మిగులుతుంది. రోడ్డు మీద నడపలేక ట్రాలీ ఎక్కుతున్నాడని కొడుక్కు తెలుస్తుంది, తాళం చెవి పోతుంది. నేను జరిమానా కడితే కెమెరా కరెక్టని ఒప్పుకున్నట్టు. అప్పుడూ తాళం చెవి పోతుంది. రెండు పక్కలా తాళం చెవి ఉంది కాబట్టి దాన్ని రెండు పక్కల నుంచీ తీసేశాను. ఇక ఒక పక్క వెయ్యి ముప్పై అయిదు రూపాయలు. ఇంకో పక్క, ఈ బల్ల దగ్గర, ఈ కానిస్టేబుల్ ముందు ఆయన తన చేత్తో రాయాల్సిన ఒక ముక్క. అది బొంతపల్లి దాకా పోకుండా ఉండదు.

"గన్ను కరెక్టే గద సారూ."

"కరెక్టే."

"డెబ్బై ఏడేనా?"

"డెబ్బై ఏడే."

"అయితె కడ్త."

"అరే, కొట్టేస్తనని నేనే అంటున్న గద!"

"వద్దు సారూ. కడ్త."

"ఇప్పటిదాంక గంత కొట్లాడి?" అన్నాడు కానిస్టేబుల్.

ఎస్సై ఇంకోసారి ఫోటో చూసి మూసేశాడు. "మా నాయిన గూడ గిట్లనే," అన్నాడు. "ఆ ట్రాలీవోనికి చెప్పు పెద్దమ్మా, ఇంకోపారి దొరికితె ఇడువ."

అక్కడే ఫోన్‌లో కట్టాను. రసీదు వచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి ఆయన వాకిట్లో మోపెడ్ ప్లగ్గు విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఏమన్నరు?"

"గన్ను మంచిదే. ముద్ర ఉన్నది. నా ముంగట కొట్టి సూపెట్టిన్రు."

"ఫోటో?"

"అదీ సూపెట్టిన్రు."

ప్లగ్గును వేళ్ల మధ్య తిప్పాడు. "ఏం కనవడ్డది?"

"నంబరు."

"నంబరేనా?"

"నంబరే. మంచిగ కనవడ్డది."

ప్లగ్గు బిగించడానికి కూర్చున్నాడు. మరలో కూర్చోవడానికి రెండు మూడుసార్లు పట్టింది. నేను లోపలికి పోయి మంచినీళ్లు తాగి వచ్చేదాకా బిగిస్తూనే ఉన్నాడు.

"కట్టినవా?"

"కట్టిన."

"నేను మొదలే చెప్పిన గద కట్టుమని."

సాయంత్రం కొడుకు రాగానే అడిగాడు. "ఏమైందమ్మా? ఓడినవా?"

"గన్ను కరెక్టుగ ఉన్నది."

వాడు చేయి చాపాడు. వాళ్ల నాన్న రెండోసారి అడిగించుకోకుండా తాళం చెవి ఇచ్చేశాడు. కోడలు ప్లేట్లు పెడుతూ, "డెబ్బై ఏడేంది మామయ్యా, ఈ వయసుల? మీ కొడుకు కారుల గూడ గంతగనం పోడు," అంది. తిట్టడానికే అంది. ఆయన ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

తర్వాతి సోమవారం ఏడున్నరకు మా సందు మూల మీద హారన్ రెండుసార్లు మోగింది. ఆయన స్నానానికి పోయి ఉన్నాడు. నేను చెప్పులేసుకుని పోయాను. ట్రాలీ అదే. డ్రైవర్‌కు పాతికేళ్లుంటాయి. నన్ను చూసి కిందికి దిగాడు.

"తాత రాలేదా అవ్వా?"

"ఇగ రాడు. ఎన్నొద్దుల సంది ఎక్కిచ్చుకుంటున్నవ్?"

వాడు తల గోక్కున్నాడు. "ఉగాది అయినంక సోమారంకెళ్లి. ఆ దినం ట్యాంకరొకటి తాత పక్కకెళ్లి రాసుకుంట పోయిందవ్వా. తగులలే. గని తాత బండి ఆపి రోడ్డు పక్కకు కూసున్నడు. చేతులు ఆగుత లేవు. నేను సూసి ఎక్కిచ్చుకున్న. గప్పటికెళ్లి రానువోను నా బండ్లనే."

"ఏడ దించుతవ్?"

"కమాను దాటినంక, ఊరి ముంగట. ఆడికెళ్లి తాతనే నడుపుకుంట పోతడు. హారన్ కొట్టుకుంట."

"పైసలేమన్న ఇస్తడా?"

"యాభై ఇస్తడు. వద్దంటె ఊకోడు. పెట్రోల్ పైసలే గదరా అంటడు."

"నువ్వు అరవై దాటకు."

"ఎవరన్నరవ్వా, నేను దాటిన్నని?"

"గన్ను."

వాడికి అర్థం కాలేదు. "తాతకు నేనొచ్చినట్టు చెప్పకు," అని పంపించేశాను.

ఆ రోజు ఆయన తొమ్మిదింటి దాకా మంచం మీద కూర్చుని, లేచి, బస్సుకు పోయాడు. నేను ఆపలేదు, పొమ్మని చెప్పలేదు. నాలుగున్నరకు తిరిగి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి టీ అడిగాడు. ఏడింటికి ఆడబిడ్డ ఫోన్ చేసింది.

"ఏందే, తమ్ముడు డెబ్బై ఏడు మీద పోయిండంట? పోలీసోళ్లు పట్టుకున్నరంట, కొడుకు బండి గుంజుకున్నడంట?"

"అవు వదినా."

"బస్సు దిగి వస్తుంటె మీ అన్న నవ్వుదమనే కూసున్నడు. ఇది చెప్పంగనే నోరు మూతవడ్డది. ఇగ పగటిసంది వచ్చినోనికల్ల గదే ముచ్చట. నా బామ్మర్ది డెబ్బై ఏడు తోలిండు, నేను నా వయసుల అరవై గూడ తోలలే అని. నిజమేనానే? నాకు నమ్మబుద్ధి అయితలేదు."

"నిజమే వదినా. రసీదు ఉన్నది."

ఆయన పక్క గదిలో టీవీ చూస్తున్నాడు. చప్పుడు తగ్గించి పెట్టుకున్నాడు.

ఇప్పుడు ప్రతి సోమవారం బస్సులోనే పోతున్నాడు. కొన్నిసార్లు నేనూ వెంట పోతున్నాను. అరుగు మీద ఇద్దరూ రోడ్డు మీద పోయే బండ్లను చూసి, ఇది అరవై, ఇది డెబ్బై అని చెప్పుకుంటారు. బావ చెప్పిన దాన్ని మా ఆయన సరిదిద్దుతాడు. బావ ఒప్పుకుంటాడు.

పోయినవి ఇవి. జరిమానా, వెయ్యి ముప్పై అయిదు. మెకానిక్‌కు వంద. మోపెడ్ ఒకటి, పదకొండేళ్లది, నడుస్తున్నది. కొడుకు దాన్ని ఆగస్టులో మూడు వేల ఎనిమిది వందలకు ఇచ్చేశాడు. హెల్మెట్ ఒకటి, బండితో పాటే పోయింది. సోమవారం సోమవారం బస్సు టికెట్టు, ఆయనది మాత్రమే. ట్రాలీ ప్రయాణం, ఉగాది తర్వాతి సోమవారం నుంచి జూలై ఎనిమిది దాకా పదమూడు సోమవారాలు సాగింది, ఇక లేదు. ఆయన చేతుల నిలకడ ఒకటి. అది ఏ తేదీన పోయిందో ఆ లెక్క నా దగ్గర లేదు.